మెరిసే గవ్వ మీదే నా అనుమానం

పోయిన నెల ఒక అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, మీరు చేసే లోలాకులు చాలా బాగున్నాయి. కానీ ప్రతి జతకీ ముత్యాలు తగిలిస్తున్నారు. ముత్యం కావాలంటే ప్రాణం తీయాలి కదా? నాకు ముత్యాలు లేకుండా ఒట్టి గవ్వలతో చేసివ్వండి. గవ్వలైతే ఒడ్డున పడి ఉండేవే, ఎవరికీ పాపం ఉండదు." కింద నమూనాగా ఒక ఫొటో కూడా పెట్టింది. బంగారు రంగు కొక్కేలకి వేలాడుతున్న రెండు తెల్లటి గవ్వలు. ఒకే సైజు, ఒకే రంగు, ఒకటే తళతళ.

నాలుగు ముక్కల్లో జవాబు రాశాను గానీ నాకే తృప్తిగా లేదు. విశాఖలో ఇంటి దగ్గరే కూర్చుని గవ్వలతో, ముత్యాలతో చెవి కమ్మలు చేసి అమ్మేవాళ్లలో నేనొకదాన్ని. ఇదే మాట ఇంతకుముందు చాలామంది అడిగారు. కొనేవాళ్లలో, ముఖ్యంగా కాలేజీ పిల్లల్లో, ఒక లెక్క స్థిరపడిపోయింది. ముత్యం అంటే హింస, గవ్వ అంటే సముద్రం ఊరికే ఇచ్చిన వస్తువు. అలా అడిగే పిల్లల మనసులో దయ ఉంది, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ దయ చేరాల్సిన చోటికి చేరడం లేదని నా గట్టి అభిప్రాయం. ఈ రెండింట్లో ముందు అనుమానించాల్సింది గవ్వని. అదెంత మెరిస్తే అంత ఎక్కువగా అనుమానించాలి.

మెరుపు ఎక్కడిది

గవ్వ ఒక రకం సముద్రపు నత్త కట్టుకున్న ఇల్లు. మిగతా నత్తలకీ దీనికీ ఒక తేడా ఉంది. బతికున్నప్పుడు ఇది తన ఒంటి పొరని రెండు పక్కల నుంచీ పైకి సాగదీసి గుల్ల మొత్తాన్ని కప్పుకుంటుంది. ఆ పొర కిందే గుల్లకి పూత మీద పూత పడుతూ ఉంటుంది. నాచు పట్టదు, గీతలు పడవు. మనం ముచ్చటపడే నునుపు అలా వచ్చిందే. జీవి చనిపోయాక కప్పేది ఏమీ ఉండదు. అలలు ఇసుకలో దొర్లిస్తాయి, ఎండ తగులుతుంది, కొన్నాళ్లకి మెరుపు చచ్చిపోతుంది.

ఇది రాస్తూ రెండు గవ్వల్ని బల్ల మీద పెట్టుకున్నాను. ఒకటి భీమిలి వైపు ఇసుకలో దొరికింది. దాని వీపు మీద పసుపుపచ్చ పూత అరిగిపోయి, కింది పొరలోని ఊదారంగు మచ్చగా బయటపడింది. వేలితో రాస్తే గరుకు తగులుతుంది. నోటి దగ్గరి పళ్లు సగం అరిగిపోయాయి. రెండోది నగల సామాను అమ్మే కొట్లో ప్యాకెట్ కట్టి అమ్మేది. దీపం కిందకి తెస్తే దీపం అందులో కనిపిస్తుంది. పళ్లన్నీ పదునుగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క గీత లేదు. ఇది ఇసుకలో దొర్లిన గవ్వ కాదని చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు.

అప్పుడే చనిపోయి కొట్టుకొచ్చిన గవ్వ ఒకటీ అరా మెరుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఒకే సైజులో, ఒకే రంగులో, కిలోల లెక్కన దొరికే సరుకు అలా పోగుపడదు. బతికున్నదాన్ని పట్టాలి, లోపలి మాంసం పోగొట్టాలి, కడగాలి. పద్ధతి కొత్తదేమీ కాదు. 14వ శతాబ్దంలో మాల్దీవుల్లో కొంతకాలం ఖాజీగా, అంటే న్యాయాధికారిగా, ఉన్న యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ పనిని కళ్లారా చూసి రాశాడు. గవ్వల్ని సముద్రంలో పట్టి, గుంటల్లో పోసి, మాంసం కుళ్లిపోయి తెల్లటి పెంకు మిగిలేదాకా ఉంచేవారట. అలా తీసినవే బెంగాల్‌కీ, ఆఫ్రికాకీ వెళ్లి అక్కడ డబ్బుగా చెలామణీ అయ్యాయి. మన దేశంలోనూ ఒకప్పుడు గవ్వ అంటే చిల్లర డబ్బేగా. ఆ డబ్బు వెనక కుళ్లిన గుంటలు ఉండేవని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఇంకో విషయం నన్ను బాగా కలచివేసింది. ఆడ గవ్వ గుడ్లు పెట్టి వదిలేసి పోదు. రాళ్ల సందుల్లో పెట్టిన గుడ్ల మీద కూర్చుని, అవి పిల్లలయ్యేదాకా కాపలా కాస్తుంది. ఆ సమయంలో దాన్ని ఏరుకుపోతే పోయేది ఒక్క ప్రాణం కాదు.

బీచ్‌లో గవ్వల దండలు, గవ్వల అద్దాలు అమ్మే ఒక పెద్దామెని, "ఇవన్నీ మన ఒడ్డున దొరికినవేనా అమ్మా?" అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసి, "ఇక్కడివి కావమ్మా. రామేశ్వరం కాడ్నించి బస్తాల్లో దిగుతాయి. ఇక్కడేటి దొరుకుతాయి ఇలాంటివి?" అంది. ఆమె ఏదీ దాచలేదు. దాచాల్సిన విషయమని కూడా ఆమె అనుకోలేదు. విశాఖ గుర్తుగా కొనుక్కెళ్లే పర్యాటకులే అవి విశాఖ ఇసుకలో ఏరినవని అనుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో కమ్మలు అమ్మే మనవాళ్లు మాత్రం, అవే బస్తాల సరుకు తెచ్చి, "బీచ్‌లో ఏరిన సహజమైన గవ్వలు" అని కింద రాస్తున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

చట్టం ఏమంటుంది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలోకి 2001లో కొన్ని సముద్రపు నత్తల్నీ ఆల్చిప్పల్నీ చేర్చారు. నాటిలస్, కొమ్ములున్న హెల్మెట్ గుల్ల, జెయింట్ క్లామ్ అందులో ఉన్నాయి. మన కాకినాడ ఖాతంలో పెరిగే, వెలుతురు దూరేంత పలచటి చిప్ప కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. కాపిజ్ పేరుతో కమ్మలుగా, దీపాల షేడ్‌లుగా బయట అమ్ముడయ్యేది ఆ జాతి చిప్పే. 2022 సవరణతో చట్టంలోని షెడ్యూళ్లు మళ్లీ మారాయి కాబట్టి, అరుదైన గుల్లలు కొనేవాళ్లు తాజా జాబితా ఒకసారి చూసుకోవడం మంచిది.

చిన్న తెల్ల గవ్వ మాత్రం 2001 జాబితాలో లేదు. కాబట్టి దాన్ని కొనేవాళ్లని దోషులనే హక్కు నాకు లేదు, అననూ అనను. నా వాదన చట్టం గురించి కాదు. అమ్మకానికి అభ్యంతరం లేని వస్తువు గురించి కూడా నిజం చెప్పి అమ్మాలి. "ప్రాణహాని లేదు" అన్న మాట దాని మీద అతికించకూడదు.

ముత్యం సంగతి

ఆ అమ్మాయి ముత్యం గురించి చెప్పిన మాట తప్పు కాదు. ఈ రోజు చార్మినార్ దగ్గర, పత్తర్‌గట్టి దుకాణాల్లో మనం కొనే ముత్యాల్లో ఎక్కువ శాతం చైనా మంచినీటి చెరువుల్లో పండినవే. అక్కడ జెజియాంగ్ రాష్ట్రంలోని ఝూజీ ఈ సాగుకి పెద్ద కేంద్రం. ఒక ఆల్చిప్పని తెరిచి, దాని ఒంటి పొరని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కల్ని ఇంకో ఆల్చిప్ప పొరలో గాట్లు పెట్టి దూరుస్తారు. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలి కొన్నేళ్లు పెంచితే ఒక్కో చిప్పలో పదుల సంఖ్యలో ముత్యాలు తయారవుతాయి. మొదటి ఆల్చిప్ప కోతలోనే చనిపోతుంది. రెండోది చాలావరకు ముత్యాలు తీసేటప్పుడు పోతుంది. ముత్యం అహింసా వస్తువని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మరి ముత్యాన్ని ఎందుకు వెనకేసుకొస్తున్నాను? సాగు రాకముందు ఏం జరిగేదో చూస్తే కొంత అర్థమవుతుంది. సముద్రంలో సహజంగా పుట్టే ముత్యం వేలల్లో ఒక చిప్పలో దొరుకుతుంది. ఏ చిప్పలో ఉందో పైకి తెలియదు. అందుకని అన్నింటినీ తెరవాల్సిందే. 1905లో సింహళం వైపు మన్నార్ సింధుశాఖలో జరిగిన ముత్యాల వేటలో ఆ ఒక్క సీజన్‌లోనే దాదాపు 8 కోట్ల చిప్పలు తీశారు. మరుసటి ఏడాది ఒక బ్రిటిష్ కంపెనీ ఆ తీరాన్ని 20 ఏళ్ల లీజుకి తీసుకుంది. కొద్ది కాలానికే తీయడానికి చిప్పలు లేక చేతులెత్తేసింది. ఇటువైపు తూత్తుకుడి తీరంలో చివరి ముత్యాల వేట 1961లో జరిగింది. మన అమ్మమ్మలు గొప్పగా చెప్పుకునే బస్రా ముత్యాల వెనక కూడా గల్ఫ్‌లో ఊపిరి బిగబట్టి మునిగిన మనుషులు, తెరిచి పారేసిన చిప్పల గుట్టలు ఉన్నాయి.

జపాన్‌లో మికిమోతో అనే వ్యాపారి 1893లో మొదటి సాగు ముత్యం తీశాడు. తూత్తుకుడిలో మన సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 1973లో సాధించింది. అక్కడి నుంచి ముత్యం లెక్క మారింది. మనం ఎక్కువగా కొనే మంచినీటి ముత్యాల సాగులో ఆల్చిప్పని మనుషులే పుట్టించి, పెంచి, దాని నుంచి ముత్యం తీస్తున్నారు. ఇందులో సముద్రం నుంచి తగ్గేది లేదు. గవ్వ విషయంలో ఎవరూ ఏమీ పెంచడం లేదు. రాళ్ల మధ్య ఉన్నవాటిని ఏరడమే. మళ్లీ ఎన్ని పుట్టాయో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేవాళ్లు లేరు. నాకు తేడా కనిపించేది ఇందులోనే.

నా వాదనకి అడ్డొచ్చే విషయాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. ముత్యాల చెరువుల్లో ఆల్చిప్పలకి మేత పెరగడానికి ఎరువులు, పెంట వేస్తారు. నీళ్లు పాడైపోతున్నాయని చైనాలో కొన్ని ప్రాంతాల ప్రభుత్వాలే ఈ సాగుని కట్టడి చేశాయి. ఇక ఆల్చిప్పకి బాధ ఉంటుందా అన్న ప్రశ్న. దానికి తల లేదు, మెదడని చెప్పుకోదగ్గది లేదు. కానీ ముట్టుకుంటే మూసుకుంటుంది. గవ్వకైతే తల ఉంది, కళ్లున్నాయి, తడుముకోవడానికి కొమ్ములున్నాయి. బాధే కొలమానం అయినా అనుమానం ముందు గవ్వ మీదకే పోవాలి. అలాగని ఆల్చిప్పకి ఏమీ తెలియదని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

ఈ సందేహాలు ఉన్నాయి కాబట్టే కొత్త ముత్యాలు తక్కువ కొంటాను. మన ఇళ్లలో పాత ముత్యాలు ఎన్ని పడి ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పెళ్లికి హైదరాబాద్ నుంచి తెచ్చిన సెట్టు, దారం పసుపు రంగుకి తిరిగి, ఎక్కడో ఒకచోట తెగి, బీరువాలో చిన్న డబ్బాలో పడి ఉంటుంది. మా వీధిలో ఒక పిన్నిగారు అలాంటిదే తెచ్చి, "ఇది బాగుచేయించుకునే ఓపిక లేదమ్మా, నువ్వే తీసుకో" అన్నారు. ఒక్కో ముత్యాన్నీ గోరువెచ్చని నీళ్లలో మెత్తటి గుడ్డతో తుడిచాను. సబ్బు, వెనిగర్, నిమ్మరసం దగ్గరికి రానివ్వకూడదు. ముత్యం సున్నపు పదార్థమే కాబట్టి పులుపు తగిలితే కరుగుతుంది. సెంటు, చెమట కూడా అందుకే పడవు. కొన్నింటికి కన్నం అంచున పూత రేగిపోయింది, అవి పక్కన పెట్టాను. మిగిలినవాటిని పంటికి రాసి చూస్తే సన్నటి గరుకు తగిలింది, అసలువే. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్నా వాటి పాలవన్నె పోలేదు. పిన్నిగారి ఇద్దరు కోడళ్లకీ చెరో జత చేసిచ్చాను, మిగిలినవి ఆమె నాకే ఉంచేశారు. ఇలాంటి ముత్యం వాడితే ఎక్కడా కొత్తగా ఒక చిప్ప తెరవాల్సిన పని లేదు.

"మరి ప్లాస్టిక్ ముత్యాలు వాడొచ్చుగా, ఏ గొడవా ఉండదు" అని ఒకరన్నారు. వాటి పూత కొన్నాళ్లకి పొట్టులా లేచిపోతుంది, జత చెత్తబుట్టలోకి పోతుంది, అక్కడి నుంచి ఎక్కడికి చేరుతుందో బీచ్‌లో నడిచేవాళ్లందరికీ తెలుసు. ఆ దారి నాకు వద్దు.

చేపలు తింటాం కదా

ఇంట్లో ఈ మాటలు మాట్లాడితే మావారు వెంటనే అనే మాట ఇది. వారంలో రెండుసార్లు చేపల పులుసు తినేవాళ్లకి గవ్వ మీద ఇంత జాలి ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. నేను చేపలు తింటాను, రొయ్యలు తింటాను, వాటిని మానేసే ఉద్దేశం లేదు. కానీ తిన్నప్పుడు ఆ ప్రాణం మన ఆకలికి పనికొచ్చింది. మెరిసే గవ్వ విషయంలో మాంసం కుళ్లబెట్టి పారేసి పెంకు ఒక్కటి ఉంచుకుంటున్నాం. నా కొలత ఇదీ: గుల్ల అనేది వేరే పనిలో మిగిలినదై ఉండాలి. కమ్మ కోసమే ప్రాణి చావకూడదు. ముత్యం ఈ కొలతకి పూర్తిగా నిలబడదని నాకు తెలుసు. నిలబడనిదాన్ని తక్కువ వాడి, ఉన్నదాన్ని మళ్లీ వాడుతున్నాను.

ఈ కొలతతో చూస్తే మన తీరంలోనే బోలెడు గుల్ల ఉంది. కాకినాడ ఖాతంలో తినే ఆల్చిప్పల్ని ఏళ్ల తరబడి పడుతున్నారు. మాంసం తీశాక గుల్లలు సున్నపు బట్టీలకి పోయేవి. గుల్లసున్నం మన పాత ఇళ్ల గోడల్లో ఉన్నదే. అందులో ఒక రకం తెల్లటి మందపు గుల్ల, వీపు మీద నిలువుగా గాడులు ఉంటాయి. లోపలి జీవి రక్తం మనలాగే ఎర్రగా ఉంటుంది. ఆ గుల్ల పక్కన ఒక చిన్న బటన్ ముత్యం (ఒక పక్క చదునుగా ఉండేది) తగిలిస్తే ఎంత అందంగా ఉంటుందో ఫొటోలో తెలియదు. గాడుల గరుకు, ముత్యం నునుపు ఒకదాన్ని ఒకటి పైకి తెస్తాయి.

గవ్వలు అమ్మేవాళ్ల బతుకు ఏం కావాలి? నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఈ ప్రశ్నే. బీచ్‌లో అమ్మే ఆ పెద్దామెకి నా నియమాలు అన్నం పెట్టవు. మనలాంటివాళ్లం నలుగురం కొనడం మానేస్తే లాభపడేది గవ్వ, నష్టపోయేది ఆమె. రామేశ్వరం వ్యాపారికి ఏమీ కాదు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నేను చేయగలిగింది ఒకటి. ఆమె దగ్గర మెరిసే గవ్వలు కాకుండా, ఆమె తమ పేట వాళ్లతో ఏరించి తెచ్చే అరిగిన గుల్లలు కొంటాను, అడిగిన ధర ఇస్తాను. బేరం ఆడను. ఒడ్డున పడి ఉన్నదానికి డబ్బులెందుకని అనుకునేవాళ్లు ఒక పొద్దుట ఎండలో వంగి ఏరి చూడాలి.

పూజలో వాడే గవ్వల గురించి కూడా అడుగుతుంటారు. తరతరాలుగా ఇంట్లో ఉన్న గవ్వల్ని, లంబాడీ ఆడవాళ్ల దుస్తుల మీద అమ్మ నుంచి కూతురికి వచ్చే గవ్వల్ని నేను ఈ వాదనలోకి లాగను. అవి ఎన్నో ఏళ్లుగా ఉన్నవి, కొత్తగా ఎవరినీ చంపవు. ఒక సీజన్ ఫ్యాషన్‌కి వేలల్లో కొని, వచ్చే ఏడాది పారేసే గవ్వల సంగతే నేను మాట్లాడుతున్నది.

ఒడ్డున ఏరితే సరిపోతుందా

ఏరడం కూడా పూర్తిగా ఉచితం కాదు. ఖాళీ గుల్లలో దూరి బతికే పీతలుంటాయి, పెరిగే కొద్దీ పెద్ద గుల్ల వెతుక్కుంటాయి. మిగిలిన గుల్లలు విరిగి, అరిగి ఇసుకలోనే కలుస్తాయి. స్పెయిన్‌లో ల్యార్గా అనే బీచ్‌లో పరిశోధకులు 1978 నుంచి 1981 దాకా లెక్కపెట్టిన గుల్లల్ని, 2008 నుంచి 2010 దాకా మళ్లీ లెక్కపెట్టి, 2014లో ఆ వివరాలు ప్రచురించారు. ఆ మధ్యలో పర్యాటకులు మూడింతలకి దగ్గరగా పెరిగారు, గుల్లలు సగానికి పైగా తగ్గాయి. ఏరుకెళ్లినవాళ్ల వల్లే ఇదంతా అని వాళ్లు కూడా తేల్చి చెప్పలేదు. బీచ్ శుభ్రం చేసే యంత్రాల్నీ అనుమానించారు. మన ఆర్కే బీచ్‌లో పొద్దున్నే తిరిగే యంత్రాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ లెక్క గుర్తొస్తుంది.

అందుకే పీత దూరగలిగే చుట్టల గుల్లలు, చెక్కుచెదరని శంఖాలు నేను ముట్టుకోను. రెండు చిప్పల జీవుల్లో విడిపోయిన సగం చిప్పలు, విరిగిన ముక్కలు, అప్పటికే కన్నం పడ్డవి మాత్రం తెచ్చుకుంటాను.

ఈ కన్నం సంగతి కాస్త చెప్పాలి, నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒడ్డున దొరికే గాడుల చిప్పల్లో కొన్నింటికి మెడ దగ్గర గుండ్రటి కన్నం ఉంటుంది. అది చేసింది ఇంకో నత్త. ఇసుకలో పాకుతూ ఆల్చిప్పని పట్టుకుని, నాలుక మీది సన్నటి పళ్లతో గీకుతూ, గుల్లని మెత్తబరిచే రసం వదులుతూ, ఓపిగ్గా కన్నం చేసి లోపలి మాంసం తినేస్తుంది. కన్నం బయటివైపు వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ ఇరుగ్గా ఉంటుంది. స్క్రూ తల చెక్కలో కూర్చోవడానికి వడ్రంగి తీసే పల్లం ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. అంచు ఎక్కడా పెచ్చులూడదు. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో దాదాపు 1,20,000 ఏళ్ల నాటి గుల్లలు దొరికాయి. వాటికి మెడ దగ్గర సహజంగా పడ్డ కన్నాలే ఉన్నాయి, దారం ఒరుసుకున్న జాడలూ ఉన్నాయి. అంత పాతకాలపు మనిషి కూడా కన్నమున్న చిప్పనే ఏరుకున్నాడని చదివినప్పుడు కళ్లు చెమర్చాయి.

కన్నం లేని చిప్పకి మనమే వేయాలి. గిన్నెలో నీళ్లు పోసి, చిప్ప మునిగేలా పెట్టి, ఒక మిల్లీమీటరు డైమండ్ బిట్‌తో నెమ్మదిగా వేస్తాను. పొడిగా వేస్తే గుల్ల పగులుతుంది, పైగా లేచే ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ లేకుండా ఎవరూ చేయొద్దు. బిట్‌ని నొక్కకూడదు. డ్రిల్లు బరువుకే అది దిగాలి. తర్వాత కన్నంలోంచి చిన్న రింగు, దానికి ముత్యం గుచ్చిన తీగ, ఆపైన చెవి కొక్కెం. మంచినీటి ముత్యం కన్నం సాధారణంగా 0.7, 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి 24 గేజ్ తీగ హాయిగా పోతుంది. దానికన్నా లావైన 20 గేజ్ తీగ దూరదు, బలవంతం చేస్తే ముత్యం చిట్లుతుంది. ముత్యం పైన తీగని గుండ్రటి ముక్కు ప్లయర్‌తో తిప్పి, మెడకి రెండు చుట్లు చుట్టాలి. ఊరికే వంచి వదిలేసిన జతలు ఆర్నెల్లలో ఊడిపోతాయి.

జత కుదరాలన్న పట్టు

మెరిసే గవ్వలు బస్తాల్లో దిగడానికి అసలు కారణం మెరుపు ఒక్కటే కాదని ఈ మధ్య నాకు అనిపిస్తోంది. కమ్మలంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలన్న మన పట్టుదల కూడా ఉంది. అరిగిన గుల్లలు జత కుదరవు. ఒక జీవికి ఉన్న రెండు చిప్పలు ఒకదానికొకటి సరిపోతాయి గానీ, చనిపోయాక అవి విడిపోయి ఎటో ఒకటి కొట్టుకుపోతాయి. రెండూ ఒకేచోట దొరకడం అరుదు. సరిగ్గా జత కావాలంటే పెద్ద రాశిలోంచి ఏరాలి. పెద్ద రాశి కావాలంటే బతికున్నవి పట్టుకురావాలి. కొనే మనిషి "రెండూ ఒకేలా లేవేంటి?" అని అడిగిన ప్రతిసారీ ఆ రాశి కొంచెం పెరుగుతుంది.

ఒక పెళ్లికూతురి కోసం ఆర్డర్ చేసినావిడ, నేను పంపిన జతలో ఒక చిప్పకి గాడులు ఎక్కువున్నాయని తిప్పి పంపేసింది. డబ్బులు వెనక్కిచ్చాను. ఆవిడని తప్పు పట్టను, పెళ్లినగ అంటే అందరికీ ఒక ఊహ ఉంటుంది. అదే జత వారం తిరక్కుండా ఇంకొకామె కొనుక్కుంది. రెండు చిప్పలకీ తేడా ఉందని ముందే చెప్పి, తేడా కనిపించేలా ఫొటో తీసి పెడితే కొనేవాళ్లు దొరుకుతున్నారు. బంగారు జూకాల్లో తేడా ఉంటే నగలకొట్టు అబ్బాయిని నిలదీయొచ్చు, అక్కడ అచ్చు ఒకటే కాబట్టి. అచ్చులో పోయని వస్తువుకి ఆ కొలత పెట్టడం అన్యాయం.

ముత్యాలు మాత్రం జత కలుపుతాను. పాత దండలో అరవయ్యో డెబ్భయ్యో ఉంటాయి కాబట్టి కుదురుతుంది. గుల్లల దగ్గరికొచ్చేసరికి రంగు కుదిరితే సైజు వదిలేస్తాను, సైజు కుదిరితే రంగు వదిలేస్తాను.

నాలాగే ఇంటి నుంచి చేసి అమ్మే అక్కచెల్లెళ్లని అడిగేది రెండే విషయాలు. కొన్న గవ్వ కింద "బీచ్‌లో ఏరినది" అని రాయొద్దు. ఎక్కడ కొన్నారో రాయండి, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. కొనేవాళ్లు అడిగితే, ఆ మెరుపు ఎలా వస్తుందో దాచకుండా చెప్పండి. విన్నాక కూడా అదే కావాలంటే అది వాళ్లిష్టం. నా దగ్గరైతే అరిగిన గుల్లలున్నాయి, పాత ముత్యాలున్నాయి, జత కుదరని కమ్మలున్నాయి. వాటి కింద ఏ గుల్ల ఎక్కడ దొరికిందో, ఏ ముత్యం ఏ దండలోదో చిన్న చీటీ మీద రాసి పంపుతున్నాను.